బౌషర్‌లో పన్ను పాఠాలు

గల్ఫ్‌లో భార్య పోయినవాణ్ణి బ్యాచిలర్ అంటారు. శేషుకుమారి పోయిన మూడో నెలలో బిల్డింగ్ వాచ్‌మన్ ఈ సంగతి వీరభద్రరావుకి మర్యాదగానే చెప్పాడు. "ఇది ఫ్యామిలీ బిల్డింగ్ సాబ్." యాభై ఆరేళ్ళ బ్యాచిలర్ సామాను సర్దుకుని, ఒమన్ రాజధానిలో అదే బౌషర్ పేటలో, వెనక వీధిలో చిన్న ఫ్లాట్‌లోకి మారాడు. తెలుగువాళ్ళ విందులకి పిలుపులూ ఆగిపోయాయి. జంటల మధ్య బేసి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలీదు.

ఒంటరితనం లోచూపు నేర్పుతుందని చెప్పేవాళ్ళు ఆ ఫ్లాట్‌లో ఒక్క శుక్రవారం గడిపి చూడాలి. అది వీరభద్రరావుకి నేర్పిందల్లా ఫ్రిజ్ చప్పుడు వినడం.

అలాంటప్పుడు ఒమన్ ఆదాయపు పన్ను ప్రకటించింది. 2028 జనవరి నుంచి అయిదు శాతం. వెంటనే వాట్సప్‌లో ఒక తెలుగు వీడియో తిరిగింది. "ఏడాదికి నలభై రెండు వేలు దాటితే పన్ను" అని చెప్పి, అవి రియాళ్ళని చెప్పడం మరిచింది. జీతం అందగానే మనసులో రూపాయల్లోకి మార్చుకునే మనవాళ్ళు దాన్నీ రూపాయలే అనుకున్నారు. అంటే రెండొందల రియాళ్ళు కూడా కాదు. అందరి గుండెల్లో రాయి పడింది.

వీరభద్రరావు ఒక కంపెనీలో అకౌంట్స్ మేనేజర్. అడగడానికి ఆ శుక్రవారమే తెలుగువాళ్ళంతా ఆయన ఇంటికి వచ్చారు. ఎదురింటి నర్సు చంద్రిక పెసరట్లు కూడా తెచ్చింది.

"నలభై రెండు వేలంటే అందరం దాటేస్తాం కదా బాబాయ్ గారూ?"

ఆ తప్పు ఆయనకి అక్కడే అర్థమైంది. ఒక్క ముక్కలో తేలిపోయే విషయం. కానీ గుమ్మం బయట చాలా జతల చెప్పులున్నాయి.

"ముందు రేటు సంగతి చూద్దాం అమ్మా," అన్నాడు.

ఆ వారం రేటు. పై వారం, పన్ను లెక్కకి ముందు ఏవేవి తీసేస్తారో: పిల్లల చదువు, వైద్యం, ఉంటున్న ఇల్లు, ముస్లింలు ఇచ్చే జకాత్, విరాళాలు.

"తిరుపతి హుండీలో వేసిందో?" అంది చంద్రిక.

"వెంకన్న రసీదు ఇస్తాడా?" అన్నాడు వీరభద్రరావు.

"నా జకాత్ ఎంతని, తీసేసినా తీసినట్టు వాళ్ళకి కనపడదులే సార్," అన్నాడు జావెద్. కడప మనిషి, సీబ్‌లో టైర్ల షాపులో సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా కాలమైంది. వీరభద్రరావు ఇంకో వారానికి సరిపడా పాఠం మిగుల్చుకున్నాడు.

నాలుగో శుక్రవారం జావెద్ అందరికంటే ముందు, ఒక్కడే వచ్చాడు.

"మదీహాని, పాపని కడపకి పంపిచ్చేస్తన్నా సార్. రేపు వీసా క్యాన్సిల్‌కి ఇస్తా. పన్ను మొదలైనాక ఇంటద్దె నావల్ల కాదు. ఇప్పుడే పోతే పాపకి స్కూల్లో సీటన్నా దొరుకుతాది. నేను బ్యాచిలర్ రూమ్‌కి మారిపోతా."

రూమ్ అంటే ఏమిటో వీరభద్రరావుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"పంపకు," అన్నాడు. "అవి రూపాయలు కావు జావెద్, రియాళ్ళు. నలభై రెండు వేల రియాళ్ళు దాటిన దాని మీదే అయిదు శాతం. నీకు లేదు. మనలో ఎవరికీ లేదు."

జావెద్ ఫోన్ తీయబోయి ఆగాడు.

"ఎప్పుడు తెలిసింది సార్?"

"మొదటి రోజే."

"మరి చెప్పలేదే?"

"చెబితే మళ్ళీ వచ్చేవాళ్ళా?"

"ఇంట్లో నాలుగు వారాల నుంచి ఏడుపులు సార్," అన్నాడు జావెద్, గొంతు పెంచకుండా. "మీకు మనుషులు కావాలంటే రమ్మని పిలవాల. ఇట్ట భయపెట్టి కూచోబెట్టుకుంటారా?"

మెట్ల మీదే భార్య మదీహాకి ఫోన్ చేశాడు. ఉర్దూలో మాటలు, నవ్వు, కిందికి దిగిపోయాయి. తర్వాత వచ్చినవాళ్ళకి వీరభద్రరావు ఆ ముక్క గుమ్మంలో నిలబెట్టే చెప్పేశాడు. హమ్మయ్య అనుకుని టీ తాగకుండానే వెళ్ళారు. మరుసటి శుక్రవారం ఎవరూ రాలేదు. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందంటారు. ఆయనకైతే ఇల్లు ఖాళీ అయింది.

ఆ సాయంత్రం కారు తీసుకుని సీబ్ వెళ్ళాడు. షాపు ముందు ఆపి, "గాలి చూడాలి," అన్నాడు. పనివాళ్ళని పంపకుండా జావెదే వచ్చాడు. వంగి నాలుగు చక్రాలకీ గేజీ పెట్టి చూశాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి సార్."

డబ్బులు తీసుకోలేదు. కూర్చోమనీ అనలేదు.