నలభై ఒక్క మిల్లీసెకన్లు

మనిషి తల మీద తడి టోపీ పెట్టి, దానికి అరవై నాలుగు తీగలు తగిలించి, కదలకుండా కూర్చోమనడం ఆమె ఉద్యోగం. అందుకే ఆ పరిశోధనాలయంలో అందరూ ఆమెను టోపీ మేడమ్ అంటారు. మెదడు ఎలా పనిచేస్తుందో తేల్చాలని ఇరవై మూడేళ్ళు కూర్చుని ముప్పై ఎనిమిది వ్యాసాలు రాసింది. వాటిలో ముప్పై ఏడింటిని చదివినవాళ్ళంతా ఒక్క బస్సులో పడతారు, డ్రైవరుతో కలిపి. పేరు తెచ్చిపెట్టింది మిగిలిన ఆ ఒక్కటే.

అది పన్నెండేళ్ళ నాటి మాట. తెర మీద ముఖాలు వస్తూంటాయి. కొన్ని అయినవాళ్ళవి, కొన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళవి. తెలిసిన ముఖం కనబడగానే మెదడులో సన్నటి విద్యుత్తు అల ఒకటి లేస్తుంది. పడుచువాళ్ళకంటే అరవై దాటినవాళ్ళలో ఆ అల నలభై మిల్లీసెకన్లు ఆలస్యంగా లేచింది. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో నలభై. రెప్పపాటులో సగం కూడా కాదు, కానీ మెదడు లోకంలో అది చాలా దూరం. వయసు పైబడితే అయినవాళ్ళను పోల్చుకోవడమే మందగిస్తుందని ఆమె తేల్చి రాసింది. దేశదేశాల పండితులు ఆ మాట ఎత్తి తమ వ్యాసాల్లో పెట్టుకున్నారు. పత్రికలవాళ్ళు దానికి చిలవలు పలవలు అల్లారు.

ఆ ప్రయోగానికి కూర్చున్న పెద్దవాళ్ళలో ఆమె తల్లి కూడా ఉంది. అప్పటికి అరవై ఆరేళ్ళు. వీధి చివరి గ్రంథాలయంలో, వారానికి మూడు రోజులు, జీతం బత్తెం లేకుండా పుస్తకాలు ఇచ్చే బల్ల దగ్గర కూర్చునేది. వచ్చినవాడు నోరు విప్పకముందే, “నువ్వడిగింది వచ్చింది నాయనా, ఎర్రట్ట పుస్తకం,” అనేది. వ్యాసం అచ్చయిన రెండో నెలలో ఆ పని మానేసింది. ఎందుకంటే, “నువ్వే రాశావుగా నా బుర్ర ఆలస్యమని. నేను పోల్చుకునేలోపు వాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటారు,” అంది. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. కూతురూ నవ్వింది.

ఈ ఏడాది ప్రయోగాల గదికి రంగు వేయాలని సామాను బయట పెట్టించారు. టోపీలు కడిగి, తెగిన తీగలు అతికే పెద్దాయన ఒకడున్నాడు. తీగలాయన అంటారు. ఆమె మాత్రం అన్నా అంటుంది. ఆయన బీరువా వెనకనుంచి పాతకాలపు టీవీలాంటి డబ్బా తెరనొకదాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకు ఆనించుకుని తెచ్చి బల్ల మీద దించాడు.

“ఇదింకా ఉందా అన్నా?”

“పారేయడానికి చేతులు రాలేదమ్మా. మొదటి ఏడాది పడుచువాళ్ళందరినీ దీనిమీదే కదా చేశాం. పెద్దవాళ్ళ వంతు వచ్చేసరికి కళ్ళు లాగుతున్నాయని మీ అమ్మగారు గోల పెట్టారు. అప్పుడు నువ్వే పలచటి తెర తెప్పించావు. ఎంత మెచ్చుకున్నారో పాపం వాళ్ళంతా!”

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

తెరల్లోనూ మనుషుల్లో ఉన్నన్ని రకాలున్నాయి. కొన్ని చెప్పగానే చేస్తాయి. కొన్ని ‘ఆఁ ఆఁ’ అని తీరిగ్గా చేస్తాయి. పలచటి తెరల్లో కొన్ని, పంపిన బొమ్మకు రంగులు దిద్ది, సోకులు చేసి గాని బయటికి వదలవు. కంప్యూటరు మాత్రం ముఖాన్ని చూపించేశానని అప్పటికే రాసేసుకుంటుంది. వాళ్ళ వృత్తిలో టోపీని అనుమానిస్తారు, తీగను అనుమానిస్తారు, తలకు రాసే జిగురును అనుమానిస్తారు. కళ్ళెదుట వెలిగే తెరను అనుమానించాలని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. ఆ తర్వాత చేసిన పరీక్షల్లోనూ పడుచువాళ్ళ పాత అంకెలే తీసి పక్కన పెట్టుకుంది.

“అన్నా, వెలుతురు పసిగట్టే బిళ్ళ ఉందా?”

డబ్బా తెర మీదా, అప్పటినుంచీ వాడుతున్న పలచటి తెర మీదా ఆ బిళ్ళ అంటించి కొలిచారు. డబ్బా తెర రెండు మిల్లీసెకన్లు తీసుకుంది. పలచటిది నలభై ఒకటి. పదిసార్లు కొలిచినా అంతే. ఆమె పెయింటు డబ్బా మీదే కూలబడింది.

“ఏమైందమ్మా?”

“ఆలస్యం ముసలివాళ్ళ మెదడుది కాదన్నా. మన తెరది.”

ఆయన రెండు తెరలవంకా చూశాడు. “అయితే నాకు మతిమరుపు లేనట్టేనా?”

“నిన్న గొడుగు ఎక్కడ పెట్టావు?”

“అదే గుర్తు రావడం లేదు.”

“అది వేరే జబ్బు,” అంది. ఇద్దరూ నవ్వారు గాని, నవ్వు ఎవరికీ అతకలేదు.

మూడు వారాల్లో ప్రొఫెసరు పదవికి కమిటీ కూర్చోబోతోంది. ఆమె అర్హతంతా ఆ వ్యాసం మీదే నిలబడి ఉంది. యాభై దాటాయి, మళ్ళీ ఖాళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆమె పైఅంతస్తుకు వెళ్ళి చెబితే డైరెక్టరు అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“ఎవరైనా అడిగారా?”

“లేదండీ.”

“మరి మీకెందుకంత తొందర? పన్నెండేళ్ళు ఆగిన నిజం ఇంకో మూడు వారాలు ఆగలేదా?”

మాట మెత్తగా ఉంది. మెట్లు దిగుతూంటే ఆమెకూ అది సబబుగానే తోచింది. మూడు వారాలే కదా.

ఇంటికి వచ్చేసరికి తల్లి ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమె పక్కన కూర్చుని, తానూ ఒక దుప్పటి కొస పట్టుకుని, జరిగింది చెప్పింది. దుప్పటి మడతపడింది.

“అంటే నా బుర్ర బాగానే ఉన్నట్టా?”

“ఆ పరీక్షకు సంబంధించినంతవరకు బాగానే ఉంది.”

“నన్ను ఊరడించడానికి అనడం లేదు కదా?”

“ఊరడించే బుద్ధి ఉంటే అసలు అది రాసేదాన్నా అమ్మా?”

తల్లి మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. “ఒకరోజు బల్ల దగ్గరికి ఒకతను వచ్చాడు. ముఖం తెలుసు. ఎవరో తట్టలేదు. ఎవరికైనా జరిగేదే. కానీ నీ రాత గుర్తొచ్చి చేతులు చల్లబడిపోయాయే. మర్నాటినుంచి ఇక వెళ్ళలేదు.”

“వేళాకోళం అనుకున్నాను.”

“నువ్వు నవ్వావు కదా అని నేనూ నవ్వాను. నాలాగా ఇంకెంతమంది ఇంట్లో కూర్చుండిపోయారో!”

మర్నాడు పొద్దున్నే ఆమె పత్రికకు ఉత్తరం రాసింది. నాలుగే వాక్యాలు. తెర మార్చిన సంగతి, కొలిచిన అంకెలు, తప్పు తనదేనని, వ్యాసం వెనక్కి తీసుకోమని. పంపించే మీట నొక్కడానికి మాత్రం ఆమె చెయ్యి నలభై మిల్లీసెకన్లకంటే చాలా ఎక్కువ సమయమే తీసుకుంది.

పదవి మరొకరికి వెళ్ళింది. సభల్లో పరుగున వచ్చి చెయ్యి కలిపేవాళ్ళు కాఫీ కప్పుల్లోకి తొంగిచూడడం మొదలుపెట్టారు. ఆ వ్యాసం నెత్తిన ‘ఉపసంహరించబడినది’ అని ఎర్రటి అక్షరాలు పడ్డాయి. వారం తిరక్కుండా ఎక్కడో దూరదేశంనుంచి, ఎన్నడూ చూడని పరిశోధకురాలు ఒకామె రాసింది: మా పెద్దవాళ్ళలో ఆలస్యమే కనబడలేదండీ, మీతో పొసగలేదని నా తప్పే అనుకుని ఐదేళ్ళుగా ఆ కాగితాలు సొరుగులో దాచుకున్నాను.

ఇద్దరూ కలిసి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పడుచువాళ్ళకూ పెద్దవాళ్ళకూ ఒకే తెర, దాని మూలన వెలుతురు బిళ్ళ. అల ఇంచుమించు ఒకే సమయానికి లేచింది. ముఖం తెలిసిందని చెప్పడానికి మీట నొక్కే వేలు దగ్గర మాత్రం పెద్దవాళ్ళు వెనకబడ్డారు. రెండు పత్రికలు తిప్పి పంపాక మూడోది వేసుకుంది. రచయితల్లో తీగలాయన పేరు మూడోది. ఆయన దాన్ని కత్తిరించి, దొరికిన గొడుగుతో పాటు అందరికీ చూపించుకున్నాడు.

ఒక ఆదివారం ఆమె గ్రంథాలయానికి వెళ్ళి వరుసలో నిలబడింది. బల్ల వెనక మళ్ళీ తల్లి, డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, నిటారుగా కూర్చుని ముందున్నాయన్ని పలకరిస్తోంది.

“మనవడు నడుస్తున్నాడా నాయనా?”

“నాకింకా పెళ్ళే కాలేదండీ.”

వరుసంతా గొల్లుమంది. తల్లి తలెత్తి వెనకనున్న కూతుర్ని చూసి వేలు చూపించింది.

“నువ్వు మళ్ళీ రాసేయకు. ఇది కళ్ళద్దాల తప్పు. ఊఁ, తర్వాత ఎవరు?”