మామ నడిపిన పొడుగు ముక్కు బండి

మొన్న షువైఖ్‌లో మా గ్యారేజీ ఎదుట పొడుగు ముక్కు అమెరికా లారీ ఒకటి ఆగింది. ఎవరో షోకు కొద్దీ తళతళలాడేలా తుడిపించి ప్రదర్శనకు తీసుకెళ్తున్నారు. జనం ఫొటోలు తీసుకుంటుంటే నేను మాత్రం బాత్రూములోకి పోయి తలుపేసుకున్నాను. మెకానిక్‌నై ఉండి లారీని చూసి దాక్కునేవాణ్ణి కువైట్ మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అలాంటి బండినే మా మేనమామ పందొమ్మిదేళ్లు నడిపాడు. అమెరికా రహదారుల మీద వయసంతా ధారపోసి, ముసలితనంలో ఓడెక్కి ఇక్కడికొచ్చిన బండి అది. స్పీడు మైళ్లలో చూపించేది. దాన్ని కిలోమీటర్లలోకి మార్చుకునే ఓపిక లేక మామ అన్నిచోట్లా నిదానంగానే పోయేవాడు. ఆ పొడుగు మూతిని మొత్తంగా ముందుకు వంచితే ఇంజను పక్కన హాయిగా నిలబడి పని చేసుకోవచ్చు. ఇప్పటి చదును మొహం లారీల్లో ఆ సుఖం లేదు. క్యాబిన్ వెనక మంచం కూడా ఉండేది. మహబూలాలో మా గది కంటే అదే విశాలమని మామ గొప్పలు పోయేవాడు. ఉత్త గొప్పేం కాదు, ఆ గదిలో తొమ్మిదిమందిమి.

ఆ పందొమ్మిదో ఏడు బండి యజమాని, అంటే మామకు వీసా ఇచ్చిన కఫీల్, తేల్చి చెప్పేశాడు. తనిఖీలో బండి పాసైతే మామకు ఇక్కడ ఉండే ఇఖామా కాగితం. లేదంటే ఖలాస్, బండి తుక్కుకు, మామ ఊరికి. అరవై దాటిన డ్రైవరును ఇంకెవరూ పెట్టుకోరు. ఊళ్లో అత్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్. మామ జీతం ఆగితే అదీ ఆగిపోతుంది.

"అల్లుడా, అంతా నీ చేతిలో ఉండాది. మీ అత్త మొగం చూసి చెయ్‌రా," అని మామ నా చేతులు పట్టుకున్నాడు.

నేను రాజంపేట షెడ్డులో పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడ ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ తనిఖీకి, పోయే లారీకి తుప్పంతా గీకి, చాసీకి నల్లరంగు కొట్టందే మా మేస్త్రీ గేటు దాటనిచ్చేవాడు కాదు. అదే పద్ధతిలో మూడు రోజులు గ్రైండరు పట్టాను. బ్రేకులు, లైట్లు అన్నీ బాగు చేశాను. తనిఖీ అధికారి మెచ్చుకున్నాడు కూడా. చివర్లో చాసీ మీద నంబరు కోసం టార్చి వేశాడు. నున్నగా, నల్లగా ఉంది. రంగు గీకి చూశాడు, కింద వట్టి ఇనుము. తుప్పుతో పాటు ఇనుములో కొట్టిన అంకెలను కూడా నేనే అరగదీసేశాను. నంబరు లేని బండిని పాస్ చేయలేనన్నాడు. కాళ్లు పట్టుకున్నాను. "యల్లా, పక్కకు తీయండి" అన్నాడు.

"తెలిసి చేసినావా ఏంది? పద, బువ్వ తిందాం," అన్నాడు మామ.

పది రోజుల్లో ఆయన్ని పంపేశారు. ఆ చలికాలం దాటకుండానే అత్త పోయింది. మామ ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యమే అడుగుతాడు. ఒక్కసారి నోరారా తిట్టి ఉంటే ఎప్పుడో తేరుకునేవాణ్ణేమో. ఏళ్లు గడిచిపోతున్నాయి గానీ, నాకు ఆ మూడు రోజులు ఇంకా అయిపోలేదు.