శైలజ భయపడే మనిషి

కొన్నేళ్లుగా గుండెల మీద బండ మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సిడ్నీలో, టూంగాబీలో మా వీధిలోనే శైలజ ఉండేది. నన్ను అక్కా అని పిలిచేది. ఒంటరి తల్లులకు ప్రభుత్వం ఇచ్చే సాయం తనకు వస్తుందని ఒకసారి నోరు జారింది. నాకు ఒళ్లు మండింది. ప్రతి వ్రతంలోనూ భర్తతో కలిసి పీటల మీద కూర్చునే మనిషి ఒంటరిదెలా అయింది? మా జీతాలు ఎక్కువని మా పిల్లలకు పైసా రాదు. నాది ధర్మాగ్రహమా, కడుపుమంటా? కడుపుమంటే. పేరు చెప్పకుండా ఆ సాయం ఇచ్చే ఆఫీసుకు ఫోన్ చేశాను.

డబ్బు ఆగిపోయింది. శైలజ ఏడుస్తూ నా దగ్గరికే వచ్చింది. ఎవరో ఫోన్ చేసి ఫిర్యాదు చేశారట. వాళ్లిద్దరూ విడిపోయి చాలా కాలమైందని, నలుగురూ ఏమనుకుంటారోనని అతను పూజలకు మాత్రం వచ్చి పక్కన కూర్చుని వెళ్లిపోతాడని అప్పుడు చెప్పింది. ఆ మాట ఆఫీసులో చెప్పడానికి నన్ను రమ్మంది. అక్కడ నా గొంతు గుర్తుపడతారేమోనని ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. పాపం, సాక్షి కోసం తన కాపురం సంగతి తెలిసినవాళ్లందరికీ చెప్పుకుంది. ఆ తర్వాత ఆమెను ఎవరూ పేరంటానికి పిలవలేదు. నేనూ పిలవలేదు.

ఇప్పుడు పిల్లలున్న కుటుంబాలకు ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం కూడా పన్ను రాయితీ ఇవ్వాలనే ప్రతిపాదన వచ్చింది. అది విన్నప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. శైలజ ఆ రాయితీ అడిగితే పాత ఫిర్యాదు మళ్లీ తీస్తారా? చేసిందెవరో బయటపడుతుందా? మొన్న పెండిల్ హిల్‌లో, ఇండియన్ షాపులో శైలజ ఎదురైంది. తప్పుకుని పోదామనుకున్నాను. అయినా ఉండబట్టలేక నేనే కదిపాను.

“కొత్త ట్యాక్స్ క్రెడిట్ వస్తే అప్లై చేస్తావా?”

“లేదక్కా. పాప స్విమ్మింగ్ క్లాసులకి పనికొచ్చేదే, బట్ నాకు భయం. అప్పుడు ఫోన్ చేసినోళ్లు ఇక్కడే ఎక్కడో ఉంటారు కదా. మళ్లీ చేస్తే?”

“చెయ్యరులే.”

“మీకెలా తెలుసక్కా?”

పప్పు ప్యాకెట్ల వైపు తిరిగిపోయాను.

ఎలా తెలుసంటే, ఆ ఫోన్ చేసింది నేనే. ఆమెతో అనే ధైర్యం ఇవాళ లేదు, రేపు వస్తుందన్న నమ్మకమూ లేదు. మీతో అన్నాను. భయం పోలేదు. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.