బాపు బాగున్న రోజు

పాపకు దగ్గు పట్టిందని నిన్న పొద్దున మిరియాలు, శొంఠి దంచి కషాయం పెట్టాను. ఆ ఘాటు ఇల్లంతా కమ్ముకోగానే గోదావరిఖనిలో మా రెండు గదుల క్వార్టరు, బొగ్గు పొయ్యి ముందు చెమటలు కక్కుతూ కూర్చున్న మా అవ్వ, పక్క గదిలో దగ్గుతున్న మా బాపు కళ్ల ముందుకొచ్చారు. అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అనే పిలిచేవాళ్లం.

బాపు భూగర్భ గనిలో పనిచేసేవాడు. మొదటి షిఫ్టు ముగిశాక, ఎండకు తారు మెత్తబడిన రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు. ఎంత సబ్బు రుద్దుకున్నా ఆయన కనురెప్పల అంచున బొగ్గు పొడి కాటుకలా మిగిలే ఉండేది. బతుకమ్మ పండుగకు అవ్వ నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద ముద్దలు చేస్తే, మా క్వార్టర్ల లైను ఆడపిల్లలమంతా ఒకరి గిన్నెలోంచి ఒకరం తింటూ, తంగేడు పుప్పొడి, బొగ్గు మసి కలిసి అంటిన చేతులను లంగాలకు తుడుచుకుంటూ పరుగులు పెట్టేవాళ్లం.

మోరీ కాలువ గట్టు మీద మా అన్న సదానందం, అతని ఈడు వాళ్లు పొద్దంతా కూర్చునేవారు. అందరూ ఐటీఐ చదివినవాళ్లే. తండ్రి జబ్బు పడి ఇక గనిలో దిగలేడని డాక్టర్లు రాసిస్తే కొడుక్కి ఆ నౌకరి వచ్చేది. అది తప్ప వాళ్లకు వేరే దారి కనిపించేది కాదు. అందుకే కలిసినప్పుడల్లా "మీ బాపు ఎట్లున్నడు?" అని ఒకరినొకరు అడిగేవారు. అది పరామర్శ అనుకునేదాన్ని. ఎదురింటి మల్లయ్య కాకకు చూపు పోయి కొడుక్కి పని దొరికిన రోజు, వాళ్లు లైనంతా జిలేబీ పంచారు. నేను రెండు చుట్టలు తిన్నాను.

నేను ఏడో తరగతి చదివిన ఏడాది ఎండాకాలంలో బాపుకు దగ్గు పట్టి ఎంతకూ వదల్లేదు. ఇక గనిలో దిగగలడో లేదో తేల్చే పరీక్షకు డాక్టర్లు రమ్మన్నారు. ఆ వారమే ఒక పొద్దున అవ్వ కషాయం గిన్నె పొయ్యి మీద పెట్టబోతే అన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగవే అవ్వా. పరీక్ష అయ్యేదాక ఇయ్యకు."

అవ్వ కాసేపు అన్న ముఖంలోకి చూసి గిన్నె కింద పెట్టేసింది. వాకిట్లో కూర్చున్న బాపు వినే ఉంటాడు. ఆ తర్వాత ఆయన కషాయం అడగలేదు.

పరీక్ష రోజు అన్నే బాపును సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు మాత్రం సైకిల్ బాపు నడిపించుకొస్తున్నాడు, అన్న చాలా వెనక వస్తున్నాడు. బాపు గడపలో కూలబడి, "మంచిగనే ఉన్ననట. దగ్గు అదే తగ్గుతదట" అన్నాడు.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను సంతోషంతో బాపు మెడ చుట్టుకుని, ఎవరూ నవ్వడం లేదని చూసి మెల్లగా చేతులు తీసేశాను.

బాపు అన్న వైపు చూడకుండా, "ఏం జెయ్యాలె బిడ్డా, నాకు రోగం వస్తలేదు" అన్నాడు.

అన్న బయటికి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి బాపు రెండోసారి అన్నం పెట్టించుకోవడం మానేశాడు. మరికొన్నేళ్లకు ఆరోగ్యంగానే రిటైరై, మెడలో దండతో, దొంగలా తలదించుకుని ఇంట్లోకి వచ్చాడు. అన్నకు ఇక ఆ నౌకరి రాదని అందరికీ తెలుసు.

పోయిన నెల గోదావరిఖని వెళ్లాను. బాపు, అవ్వ ఇద్దరూ లేరు. ఆ గని మూతపడింది, మా లైను క్వార్టర్లు కూల్చేశారు, బతుకమ్మ ఆడిన జాగాలో ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టి గుట్టగా పడి ఉంది. అన్న కాంట్రాక్టరు దగ్గర పిలిచిన రోజు పనికి పోతాడు, పిలవని రోజు ఇంట్లో ఉంటాడు. డిప్లొమా చేసిన అతని కొడుకు రెండేళ్లుగా ఖాళీగానే ఉన్నాడు.

భోజనాల దగ్గర ఆ పిల్లవాడు తండ్రికి బీపీ మాత్ర అందించి, మింగేదాకా పక్కనే నిలబడ్డాడు. వాడు లోపలికి వెళ్లాక అన్న నాతో నెమ్మదిగా అన్నాడు:

"నా కొడుకు నేను మంచిగుండాల్నని మొక్కుతడు చెల్లె. నేను మంచాన పడ్డా, వానికొచ్చే నౌకరేం లేదు గద."