ఇంజను ఇచ్చిన వేణ్ణీళ్ళు

మొన్న మనవరాలు ఫోనులో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఈ రెండూ ఒకే చోటంటే నమ్ముతావా నాయనమ్మా అంది. కొత్తదానిలో కరెంటు తీగలు, పొగ లేని రైలు, పొడుగాటి ప్లాట్‌ఫారం. పాతదానిలో సన్నపట్టాలు, ఇంజన్లకు నీళ్ళు పోసే, ఏనుగు తొండంలా వంగిన పెద్ద గొట్టం, దాని వెనక నాపరాళ్ళ కప్పుతో మా క్వార్టరు. గురజాల దగ్గర మా చిన్న స్టేషనే అది. పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు.

ఆ గొట్టానికి నీళ్ళెక్కించే పంపు దగ్గర మా నాన్న పని. నలభైల నాటి మాట, నాకు పదిహేనేళ్ళు. అయిదో తరగతితో బడి మాన్పించినా, గ్రంథాలయం నుంచి నాన్న తెచ్చే పుస్తకాలన్నీ చదివేదాన్ని. ఆవిరియంత్రం మీద రాసిన, అట్ట ఊడిన పుస్తకమొకటి నాలుగుసార్లు చదివి, ఇంజను గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

ఆ ఏడు ముసురు వారం రోజులైనా వదల్లేదు. పురిటికొచ్చిన మా అక్కకు ఓ ఉదయం ఆడపిల్ల పుట్టింది. ఒళ్ళు చల్లబడుతోంది, సన్నటి మూలుగే గాని ఏడుపు లేదు. మంత్రసాని వేణ్ణీళ్ళు, వేణ్ణీళ్ళని కేకలేస్తోంది. పొయ్యిలో కందికంప తడిసి పొగే తప్ప మంట లేదు. బయట మాచర్ల బండి గొట్టం కింద ఆగి ఉంది. బిందె చంకనేసుకుని వానలో ఉరికాను.

డ్రైవరు సాయిబు నాన్నకు స్నేహితుడు, మాకు బాబాయి.

"బాబాయ్, అక్కకి బిడ్డ పుట్టింది, ఏడవటంలా! వేణ్ణీళ్ళు కావాలి, బాయిలరు మర తిప్పు!"

"ఏమే, బాయిలరు విప్పితే నువ్వూ నేనూ ఉడికిపోతాం. ఎవరు చెప్పారే నీకు?"

"పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం పక్కనబెట్టి బిందె ఇటు తే!"

బొగ్గు తడపడానికి వాడే సన్నగొట్టం ఒకటి తీసి, పొగలు కక్కే నీళ్ళు పట్టాడు. నా పుస్తకంలో ఆ గొట్టం లేదు. బొగ్గు వేసే అతను బిందె మోసుకొచ్చి మా గుమ్మంలో దించాడు.

"ఇంజను నీళ్ళా? పసిగుడ్డుకి మసి అంటుద్దేమోనే!" అంది అమ్మ.

"నీకు మసి గొడవేందమ్మా, ముందు పిల్ల దక్కనీ!" అని మంత్రసాని గంగాళంలో పోసి చన్నీళ్ళు కలిపి, మోచేత్తో వేడి చూసి, పిల్లను అందులోకి దించింది. కాసేపటికి నాపరాళ్ళు అదిరేట్టు ఏడ్చింది పిల్ల.

బండి ఇంకా కదల్లేదు. గార్డు జెండా ఊపీ ఊపీ ఈల వేస్తున్నాడు. బాబాయి ఇంజన్లోంచి సగం బయటికి వంగి, "ఏడ్చిందా?" అని అరిచాడు. పంపు దగ్గర నాన్న రెండు చేతులూ పైకెత్తాడు. అప్పుడు వేశాడు కూత. అంతసేపు కూత మళ్ళీ ఎన్నడూ వినలేదు. అన్ని పెట్టెల్ని, అంతమంది జనాన్ని లాక్కుపోయే బలం ఒక్క బిందెకోసం వంగిందనుకుంటూ, బండి కనుమరుగయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఇప్పటి రైలూ నాకు అబ్బురమే. నిప్పూ నీళ్ళూ అక్కర్లేకుండా గాలిలా పోతుంది. కొత్త ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి ఇంజను దగ్గర డ్రైవరు కోసం వెతికాను. అద్దం నిండా ఆకాశమే ఉంది, వెనక మనిషి కనిపించలేదు. ఉండే ఉంటాడు, అతనిదీ మంచి మనసే అయ్యుంటుంది. అతన్ని ఏదైనా అడగాలంటే ఎక్కడ నిలబడి పిలవాలో మాత్రం నాకు తెలియలేదు.