దండెం మీద నాలుగు కండువాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నలుగురు మగవాళ్లు, నాలుగు కండువాలు, నాలుగు పార్టీలు ఉండేవి. మాది పుంగనూరు. తెల్లవాళ్లు మూటాముల్లె సర్దుకుంటున్నారని అరుగుల మీద చెప్పుకునే రోజులవి. అప్పట్లో భుజాన కండువా లేకుండా మగవాడు వీధిలో అడుగు పెట్టేవాడు కాదు. చొక్కా లేకపోయినా ఫరవాలేదు గానీ కండువా లేకపోతే పరువు పోయినట్టే. అందుకని ఏ కండువా ఎవరిదో ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిపోయేది.

మా తాతయ్యది జరీ అంచు కండువా, జమీందారు గారింట పెళ్లిలో పెట్టింది. జమీందారులూ పెద్ద రైతులూ కలిసి పెట్టుకున్న పాత పార్టీ ఆయనది. అది అప్పటికే కొన ఊపిరితో ఉంది, అయినా ఆయన దాన్ని వదల్లేదు. మా నాయనది గంజి పెట్టిన ఖద్దరు. ఆయన పార్టీ ఏదో వేరే చెప్పనక్కర్లేదు. నాయన తమ్ముడు, మా చిన్నాయన, ఎర్ర తువ్వాలు వేసుకుని ఎర్రజెండా వాళ్లతో తిరిగేవాడు. నాలుగోది కుప్పం మామది. ఆయన మా అమ్మకు అన్న, చింతపండు వ్యాపారి. సంతకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవాడు. ఎన్నిసార్లు ఉతికినా ఆయన గళ్ల తువ్వాలుకు చింతపండు వాసన పోయేది కాదు. ఆయనకంటూ పార్టీ లేదు. సరుకుల మీద సర్కారు పెట్టిన కంట్రోలు ఎవడు ఎత్తేస్తే వాడే తన పార్టీ అనేవాడు.

ముందటేడు జరిగిన ఎన్నికల నుంచి మా నాయనకూ చిన్నాయనకూ మాటల్లేవు. ఒకే పంక్తిలో కూర్చుని సంగటి తింటూ, మధ్యలో నన్ను పెట్టుకుని పోట్లాడుకునేవాళ్లు. “పాపా, మీ చిన్నాయనకు చెప్పు, దొడ్డి తలుపు తీసిపెట్టి పోతాండాడు, ఆవులు బయటపడతాండాయని” అనేవాడు నాయన. “పాపా, మీ నాయనకు చెప్పు, ఆవులకు కూడా స్వాతంత్య్రం కావల్లంట” అనేవాడు చిన్నాయన. మామగారైన తాతయ్య ఎదుట నోరు విప్పి నేరుగా మాట్లాడే అలవాటు మా అమ్మకు లేదు కాబట్టి ఆమె మాటలూ నా ద్వారానే చేరేవి. ఆ ఇంటికి తపాలా బంట్రోతును నేనే.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. మదనపల్లెలో మిషన్ వాళ్ల దగ్గర చదువుకుని, మా ఊరి ఆడపిల్లల బడికి పంతులమ్మగా వచ్చింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు పోయేది, మిగతా రోజులు మమ్మల్ని నవ్విస్తూ పాఠం చెప్పేది. నీళ్లకు మా బావి దగ్గరికే వచ్చేది. ఆమె తోడుకున్నంతసేపూ మా తాతయ్య అటు తిరిగి కూర్చునేవాడు. బావి మైలపడినా, కంటితో చూడకపోతే తప్పు లేదని ఆయన లెక్క.

ఆ ఏడు నేను అయిదో తరగతి పాసయ్యాను. మా ఊళ్లో ఆడపిల్లలకు అంతటితో చదువు సరి. వేసవి సెలవులు అయిపోగానే అక్క మదనపల్లెకు మారిపోతోంది. మీ ఇంట్లో ఒప్పుకుంటే నిన్ను వెంట తీసుకుపోయి అక్కడి మిషన్ వాళ్ల ఆడపిల్లల హైస్కూల్లో చేర్పిస్తానంది. ఇక నాకు అన్నం సహించలేదు. పోయి అడగాలి, కానీ ఎవరిని? నాయన వేదికలెక్కి ఆడవాళ్లు ముందుకు రావాలంటాడు కాబట్టి సరే అంటాడు. చిన్నాయన లోకాన్నే తలకిందులు చేస్తానంటాడు, నా చదువు ఆయనకొక లెక్కా? భయమల్లా తాతయ్యతోనే. ఆడపిల్ల గడప దాటడమేమిటని చేతికర్ర తీస్తాడనే నా బెదురు.

ఒక శనివారం పొద్దున పెరట్లో అక్కతో ఇదే చెప్పాను. మా అమ్మ బండ దగ్గర బట్టలు ఉతుకుతోంది. నేనూ అక్కా వాటిని దండెం మీద ఆరేస్తున్నాం. ఆ దండెం మా గోడ మేకు నుంచి అక్క వాళ్ల మునగచెట్టు దాకా కట్టి ఉండేది. ఎవరేమంటారో అడక్కుండానే నీకెట్లా తెలిసిందని అక్క అడిగింది. కండువా చూస్తే తెలీదా అన్నాను. అక్క నాలుగు తడి కండువాలూ నా చేతిలో పెట్టింది.

“అయితే దా, ఆడదాం” అంది.

ముందు అక్క ఒక కథ చెప్పింది. ఎక్కడో దూరదేశంలో, మా ముత్తాతల కాలంలో, రాజు ఉండాలనే వాళ్లు సభలో కుడి పక్కన కూర్చున్నారట. రాజు వద్దనే వాళ్లు ఎడమ పక్కన కూర్చున్నారట. అప్పటి నుంచి, ఉన్నది ఉన్నట్టే ఉండాలనే వాళ్లను కుడి వాళ్లనీ, మొత్తం తిరగేయాలనే వాళ్లను ఎడమ వాళ్లనీ అంటారట. కొంచెం కొంచెంగా మార్చాలనే వాళ్లు నడుమ. నాకు ఎడమ అనగానే నవ్వొచ్చింది. ఎడమచేత్తో ఎవరైనా మంచి పని చేస్తారా అక్కా అన్నాను. “నీకు తల దువ్వేటప్పుడు మీ అమ్మ జుట్టు పట్టుకునేది ఏ చేత్తో? అది లేకుంటే జడ పడుతుందా?” అంది. సరే, మనకు కుడీ ఎడమా వద్దు, మార్చాలనే వాళ్లు మునగచెట్టు వైపు, వద్దనే వాళ్లు గోడ వైపు అని అక్క ఆట మొదలుపెట్టింది.

తెల్లవాళ్లు పోవాలా, ఉండాలా అన్నది మొదటి ప్రశ్న. చిటికెలో వేసేశాను. నాయన ఖద్దరు, చిన్నాయన ఎరుపు మునగచెట్టు దగ్గర. ఎవరు ఏలినా బేరం సాగితే చాలుననే మామ నడుమ. దొరలు పోతే దేశం పాడైపోతుందనే తాతయ్య గోడ దగ్గర. నేను గర్వంగా చూశాను. ఇంతేనా రాజకీయం అనుకున్నాను.

దున్నేవాడికే భూమి ఇవ్వాలా అన్నది రెండో ప్రశ్న. చిన్నాయన చెట్టు దగ్గరే నిలిచాడు. నాయన మాత్రం ఇవ్వాలి గానీ మెల్లగా ఇవ్వాలి, చట్టం చేసి ఇవ్వాలి అనేవాడు కదా, ఆయన్ను నడుమకు లాగాల్సి వచ్చింది. తాతయ్యా, మామా గోడ దగ్గర ఒకరినొకరు ఆనుకున్నారు. అప్పుడే చూశాను, పక్కపక్కన తడిసి ఉన్నందుకు ఎర్ర తువ్వాలు రంగు దిగి ఖద్దరు అంచుకు అంటుకుంది. అమ్మ తిడుతుందని నేను భయపడుతుంటే అక్క మాత్రం పకపకా నవ్వింది. “సూడు, మీ నాయనకు తెలీకుండానే కొంచెం ఎరుపు ఎక్కింది” అంది.

మూడోది కంట్రోలు. గింజలు సర్కారు అదుపులో ఉండాలా, ఎవరిష్టం వచ్చిన ధరకు వాళ్లు అమ్ముకోవాలా? కంట్రోలు ఉండాలనే వాళ్లు చెట్టు వైపు, వద్దనే వాళ్లు గోడ వైపు. మామ గోడకు అంటుకుపోయాడు. చిన్నాయన చెట్టు దగ్గర. నాయన నడుమే ఉండిపోయాడు. మరి తాతయ్య? ఊరి గింజ ఊరు దాటకూడదని రోజూ అరుగు మీద అరిచేది ఆయనే కదా! జరీ కండువా తీసుకుపోయి ఎర్ర తువ్వాలు పక్కన వేస్తుంటే నా చేతులే నన్ను మోసం చేస్తున్నట్టు అనిపించింది. ఆ ఇద్దరూ ఒకరిని చూస్తే ఒకరికి గిట్టదు, దండెం మీద మాత్రం అంచులు కలిశాయి.

వీళ్లు ఒక చోట కుదురుగా ఉండరేమిటక్కా అని విసుక్కున్నాను. అక్క నన్ను బావి గట్టు మీద కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. పార్టీ అంటే ఒక జవాబు కాదు, ఎన్నో జవాబులు కట్టిన మూట. మూట మీది గుడ్డ రంగు చూసి లోపలున్నదంతా తెలుసనుకుంటాం. విప్పితే గానీ తెలీదు. ఒక్కోసారి మూట మోస్తున్నవాడికే తెలీదు. ఇంతకీ నీ చదువు మాట ఏ మూటలో ఉందో పోయి విప్పించుకుని రా అంది.

ముందు నాయన దగ్గరికి పోయాను. ఆయన పొంగిపోయాడు. “సదవాల పాపా! దేశంలో ఆడపిల్లలంతా సదవాల. నీ సంగతంటావా, వచ్చే యేడు సూద్దాం” అన్నాడు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నాయన దగ్గరికి పోతే, దొరలు పెట్టిన బడిలో నువ్వు చదివేదేంది, జనరాజ్యం వచ్చినాక ఊరూరా మనమే బడి పెడతాం, అప్పుడు చదువుదువు అన్నాడు. ఎప్పుడొస్తుంది చిన్నాయనా అంటే, “వస్తాండాది” అన్నాడు, ఎదురుగా వీధి మలుపులో ఉన్నట్టు. మామ నా బుగ్గ గిల్లి, “నువ్వు సదివితే మావాడు నీకు చాలడు పాపా” అన్నాడు. మేనరికం మాట ఆయన మనసులో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంక అయిపోయిందనుకుని తాతయ్య ముందు నిలబడ్డాను. ఆయన చుట్ట పక్కన పెట్టాడు.

“మీ నాయన కడుపులో అడ్డం తిరిగినప్పుడు మీ జేజిని బండిలో మదనపల్లెకు తోలకపోయినా. దోవ పొడుగునా మూలిగింది. ఆడ మిషన్ ఆసుపత్రిలో ఇద్దర్నీ బతికించింది మగోడు కాదు పాపా, సదువుకున్న ఆడమనిషి. ఆ యమ్మను సదివించినోళ్ల చెయ్యి సల్లగుండ. నువ్వు పో” అన్నాడు.

నేను పెరట్లోకి పరుగెత్తాను. జరీ కండువా మునగచెట్టు కొనకు, ఆకులు తగిలేంత దూరం పోయింది. మిగతా మూడూ గోడ వైపు చేరాయి. వేదికల మీద ఒకరినొకరు ఉతికి ఆరేసుకునే ఖద్దరూ ఎరుపూ, నా విషయానికొచ్చేసరికి అన్నదమ్ముల్లా పక్కపక్కనే ఉన్నాయి. తాతయ్య ఒక్కడే ఇటు, ముగ్గురు అటు. తాతయ్య పొమ్మన్నా, డబ్బు కట్టి పంపాల్సింది నాయనే. చేసేదేమీ లేక నేను చెట్టు మొదట్లో కూర్చుని ఏడ్చాను. అక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

అంతసేపూ మా అమ్మ బండ దగ్గర తల వంచుకుని ఉతుకుతూనే ఉంది. మా ఆట ఆమె వింటోందని కూడా మాకు ధ్యాస లేదు. ఇప్పుడు లేచి, తన నీలం చీర పిండుకుని దండెం దగ్గరికి వచ్చింది. “జరగండి, నాదీ ఆరేసుకోవాల” అంది. మునగచెట్టు కొన దగ్గర, తాతయ్య కండువా పక్క నుంచి మొదలుపెట్టి చీర పరుస్తూ పోయింది. చీర ఎంత పొడుగో చెప్పాలా! అది పరుచుకుంటూ పోతుంటే మూడు కండువాలూ జరిగి జరిగి, గోడ మేకు దగ్గర ఒకదాని మీద ఒకటి కుప్పగా పడ్డాయి. దండెం అంతా నీలమే.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “పాపా, మనం ఒక గుడ్డ మరిచిపోయినాం” అంది.

సాయంత్రమైంది. నాయనకు సంతపేటలో సభ. చిన్నాయనకు దానికి పోటీ సభ. మామకు కుప్పం బస్సు. ముగ్గురూ స్నానాలు చేసి కండువాల కోసం చూస్తే దండెం ఖాళీ. తాతయ్యది ఒక్కటే అరుగు మీద మడతపెట్టి ఉంది. మిగతా మూడూ చంకలో పెట్టుకుని అమ్మ వంటింటి తలుపు వెనక నిలబడింది. నన్ను పిలిచి ముందు నిలబెట్టుకుంది.

“పాపా, మీ నాయనకు చెప్పు. ఈ ఇంట్లో అందరి కండువాలూ ఉతికేది నేను. నా మాట అడిగినోళ్లు ఒక్కరూ లేరు. నువ్వు మదనపల్లెకు పోతాండావు. ఔనంటే కండువా ఇస్తా. కాదంటే ఉత్త భుజంతో సభకు పొమ్మను.”

నేను చెప్పనక్కర్లేకపోయింది. అందరూ విన్నారు. బయట సభకు పిలవడానికి వచ్చినవాళ్ల డప్పు వినబడుతోంది. “అమ్మణ్ణీ, నా బస్సు పోతాందమ్మా!” అని మామ గోల. నాయన దిక్కులు చూసి, చివరికి తమ్ముడి వైపు తిరిగాడు. ఎన్నికల తర్వాత మొదటిసారి, మధ్యలో నేను లేకుండా, “యేం రా, యేం చేద్దాం?” అన్నాడు. చిన్నాయన ఉత్త భుజం తడుముకుని, “ఏముండాదన్నా, పంపిద్దాం” అన్నాడు.

అరుగు మీద తాతయ్య జరీ కండువా భుజాన వేసుకుంటూ గట్టిగా నవ్వాడు. “తెల్లోళ్లే దిగిపోతాండారు, మీరెంత రా!” అన్నాడు.

బడులు తెరిచే ముందు అందరూ బస్సు దాకా వచ్చారు. చిన్నాయన నా ట్రంకుపెట్టె ఎత్తాడు. అప్పట్లో బస్సులు బొగ్గుతో నడిచేవి, ఎత్తు వచ్చిందంటే జనం దిగి తోయాలి. ఆ బస్సు కదిలేదాకా నాయనా చిన్నాయనా దొరల బడి మంచిదా కాదా అని పోట్లాడుకుంటూనే ఉన్నారు. నేరుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. నాకు ఎంత హాయిగా ఉండిందో! నా తపాలా ఉద్యోగం ఆ రోజుతో ఊడిపోయింది.

కొన్నేళ్లకు అందరికీ ఓటు వచ్చింది. మా అమ్మ ఆ నీలం చీరే కట్టుకుని పోయి వేసి వచ్చింది. అప్పటికి జరీ అంచు పార్టీ లేదు గానీ, మిగతా వాళ్లలో ప్రతి ఒక్కరూ ఆమె తమకే వేసిందని ఒట్టు వేసి చెప్పేవాళ్లు. ఎవరు అడిగినా అమ్మ నవ్వి, చేతిలో పని చేసుకుంటూ పోయేది. నాకు కూడా చెప్పలేదు.

నేనూ పంతులమ్మనై, చాలామంది పిల్లలకు పాఠాలు చెప్పి, ఇప్పుడు కూర్చున్నాను. టీవీలో ఎవరో ఎడమ అనీ, ఎవరో కుడి అనీ అరుచుకుంటుంటే మనవలు నన్ను అడుగుతారు, ఆయన ఎటువైపు మనిషి అవ్వా అని. ఏ విషయంలో రా అని అడుగుతాను. వాళ్లకు విసుగు. కానీ అది నేను ఆ పెరట్లో నేర్చుకున్న సగమే. అందరి జవాబులూ విన్నాక నా కళ్లు ఇప్పటికీ ఆ దండెం మీదికే పోతాయి. దాని మీద ఎవరి గుడ్డ లేదో వెతుక్కుంటాను.