పిలవని పేరు

మొన్న మా అమ్మాయికి దగ్గు తగ్గకపోతే జీపీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. మా వంతు రాగానే రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ తలుపు దాకా వచ్చి, గది మొత్తానికీ వినపడేలా పిల్ల పేరు పిలిచింది. ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ పలకని పేరు అది. ఆ పేరుతో పిలవొద్దని స్కూల్లో టీచరుకు చెప్పి ఒప్పించాను కానీ, ఇక్కడ చెప్పాలన్న ఆలోచనే రాలేదు. పిల్ల నా వైపు చూసింది, నేను పిల్ల వైపు చూశాను, ఇద్దరం లేవలేదు. ఆవిడ రెండోసారి పిలిచింది.

ఆ పేరు మా ఆంటీది. సిటీవెస్ట్‌లో మా ఫ్లాటుకు ఎదురు ఫ్లాటు ఆవిడది. ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎర్రమట్టి ఎడారిలో, ఆ నేలకు మొదటినుంచీ సొంతమైన జనంలో పుట్టి, ఒక ఐరిష్ ఆయన్ని పెళ్ళాడి ఇక్కడికి, ఐర్లండ్‌కు వచ్చారు. ఆయన పోయినా ఇక్కడే ఉండిపోయారు. పెద్దవాళ్ళను ఆంటీ అనడం వాళ్ళ వైపు కూడా ఉందట. మొదటిరోజు లిఫ్టులో నేనలా పిలవగానే ఆవిడ మొహం విప్పారింది. "ఈ దేశంలో నన్ను ఆ మాటతో పిలిచింది నువ్వే" అన్నారు.

ఆంటీ బొమ్మలు వేసేవారు. వంటింటి బల్ల మీద కాన్వాసు పరిచి, పుల్ల కొసను రంగులో ముంచి, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయేవారు. చుక్కలు కనబడితే నాకు గుర్తొచ్చేది ముగ్గే. ఒక శనివారం ఆవిడ బొమ్మలోని వలయాలను ఫోన్‌లో ఫొటో తీసుకుని, మర్నాడు మా గుమ్మం ముందు అచ్చుగుద్దినట్టు వేసేశాను. మెచ్చుకుంటారని పనిగట్టుకుని పిలిచి మరీ చూపించాను. ఆవిడ తన గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది నీకెవరిచ్చారు?"

"మీ బొమ్మ చూసే వేశాను ఆంటీ."

"చూశావు, సరే. ఎవరిచ్చారని అడుగుతున్నాను."

ఆవిడ కోప్పడలేదు, లోపలికి తీసుకెళ్ళి టీ ఇచ్చి చెప్పారు. మొదట్లో నేలంతా చదునుగా ఉండేదట. పూర్వీకులు మట్టిలోంచి లేచి, పాడుకుంటూ నడిచి వెళ్ళారట. వాళ్ళు కూర్చున్నచోట నీటిగుంట అయింది, పడుకున్నచోట కొండ అయింది. అలసిపోయి చివరికి ఆ నేలలోనే కలిసిపోయారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నేను ముగ్గు వేసిన వలయం ఆంటీ వాళ్ళ అమ్మమ్మ నీటిగుంట. "అమ్మమ్మ అమ్మకిచ్చింది, అమ్మ నాకిచ్చింది. నేను కూడా అంతా చూపించను. చూపించకూడనిది చుక్కల కింద ఉంటుంది" అన్నారు.

తడిగుడ్డ తెచ్చి ముగ్గు నేనే తుడిచేశాను. "నీకంటూ ఎవరూ ఏమీ ఇవ్వలేదా?" అని ఆవిడ అడిగితే, మా నాయనమ్మ నేర్పిన ముగ్గు కాగితం మీద వేసి చూపించాను. నాయనమ్మ పేరు అడిగారు.

"నా పేరే ఆంటీ. ఆవిడ పేరే నాకు పెట్టారు. కానీ అమ్మ నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. అత్తగారి పేరు నోటితో అనకూడదని చిట్టీ అనే పిలుస్తుంది."

ఆంటీ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. "మీ అమ్మకు తెలుసు" అన్నారు. ఏం తెలుసో నేను అడగలేదు.

ఆవిడ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నేను పనిచేసే చెర్రీవుడ్ ఆఫీసులో ఇంకొకరి ఆలోచనను నాదిగా చెప్పబోతే, ఎవరిచ్చారన్న మాట చెవిలో పడి నాలుక ఆగిపోయేది. అమ్మాయి పుట్టినప్పుడు ఆంటీ పేరు పెట్టుకోవాలనిపించి, ఈసారి ముందుగా అడిగాను. ఆవిడ పిల్లను ఒళ్ళోకి తీసుకుని, "ఇచ్చాను. ఇక మేమిద్దరం ఒకటే" అన్నారు.

నిరుడు ఆంటీ గుండె ఆగి పోయారు. ఆవిడ చెల్లెలు ఆస్ట్రేలియా నుంచి బయల్దేరారని తెలిసి, మా అపార్ట్‌మెంట్ల కింద ఉన్న హాల్లో సంతాప సభ పెట్టాను. మనకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. ఆంటీ ఫొటో నిలువెత్తున వేయించి, కింద పెద్ద అక్షరాలతో పేరు రాయించాను. మావారు స్టూలెక్కి, "మొఖం మంచిగ కనవడుతుంది. దండ జర పైకి కడ్త" అన్నారు.

అంతలో ఆ చెల్లెలు గుమ్మంలోకి వచ్చారు. అచ్చం ఆంటీ కళ్ళే. నేను సంబరంగా, హాలు ఆ చివరనున్న మా అమ్మాయిని పేరు పెట్టి గట్టిగా పిలిచి, "ఇటు రా, అమ్మమ్మ వచ్చారు" అన్నాను.

ఆవిడ చేతిలో సంచి కింద పడిపోయింది. రెండు చేతులతో కళ్ళు మూసుకుని అక్కడికక్కడే కూలబడి, పెద్దగా ఏడ్చారు. అలాంటి ఏడుపు నేను అంతకుముందు వినలేదు. నేను చేసిన తప్పేమిటో నాకు తెలియలేదు.

"ఆ మొహం తీసెయ్యండి" అన్నారు కళ్ళు మూసుకునే. మావారు ఫొటోను గోడవైపు తిప్పేశారు. నేను వెళ్ళి ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను.

"పోయినవాళ్ళు తమ నీటిగుంట దాకా నడిచి వెళ్ళాలి. మా అక్కకు ఇక్కడినుంచి చాలా దూరం. పేరు వినపడితే వెనక్కి తిరుగుతుంది, ఇక వెళ్ళలేదు."

"మాకు తెలియదమ్మా."

"ఎవరినైనా అడిగావా?"

ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. పదేళ్ళు ఆంటీ నాకు నేర్పింది అదొక్కటే. ఆవిడ పోయిన వారానికే మరిచిపోయాను. పిల్లకు ఇచ్చిన పేరు కూడా ఇప్పుడు వెనక్కి తీసుకుంటారేమోనని భయం పట్టుకుంది. అయినా అడిగాను.

"దీనికీ అదే పేరు. మార్చెయ్యమంటారా?"

అప్పుడు ఆవిడ కళ్ళమీద చేతులు తీసి పిల్లను చూశారు. "మార్చకు. అక్క ఇచ్చిందిగా, అది దీనిదే. దాచిపెట్టు. మేము కబురు చేసేదాకా ఎవరూ పిలవకూడదు."

"అప్పటిదాకా ఏమని పిలవను?"

"మీలో అలాంటప్పుడు పిలిచే మాటేదీ లేదా?"

మా అమ్మకు ఏం తెలుసో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆ ఫొటో మా వంటింటి ప్రెస్‌లో, అదే అలమరలో, తువ్వాలు చుట్టి ఉంది. ఇది రాయవచ్చా అని ఆ చెల్లెల్ని ఫోన్‌లో అడిగితే, పేరు లేకుండా రాయమన్నారు. కబురు ఇంకా రాలేదు.

జీపీ దగ్గర పిల్ల నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, షీ కీప్స్ సేయింగ్ ఇట్" అంది చిన్నగా. ఆంటీ ఎంతదాకా నడిచారో నాకు తెలియదు. రిసెప్షన్ ఆవిడ మూడోసారి నోరు తెరవబోతుంటే గబగబా లేచి నిలబడ్డాను.

"చిట్టీ, పద" అన్నాను.